వస్తుసంచయ రుగ్మత: ఇల్లు ఖాళీ చేయడం నుండి మనిషికి తోడు నిలవడం దాకా

ఉపోద్ఘాతం

ఇంట్లో వస్తువులు పేరుకుపోవడం కొత్త సంగతి కాదు. అటక మీద ఇత్తడి బిందెలు, పెట్టె అడుగున పెళ్లినాటి చీరలు, తాడుతో కట్టిన పాత పత్రికల కట్టలు లేని ఇల్లు అరుదు. దీనిని ఎవరూ రోగమనరు. వంటగదిలో వండుకోవడానికి, మంచం మీద పడుకోవడానికి, గదిలోనుంచి గదిలోకి నడవడానికి వీలులేనంతగా వస్తువులు నిండిపోయి, వాటిలో ఒక్కదాన్ని తీసివేయాలన్నా మనిషి తల్లడిల్లే స్థితి మాత్రం వేరు. ఈ స్థితిని ఒక ప్రత్యేక రుగ్మతగా వైద్యశాస్త్రం 2013లో గాని గుర్తించలేదు. అంతకుముందు ఇలాంటివారు లేరని కాదు. పిసినారులనీ, పిచ్చివాళ్లనీ, శుభ్రత తెలియనివాళ్లనీ రకరకాల పేర్లతో వారిని పిలిచేవారు. ఏ పేరుతో పిలిచారో దానికి తగినట్టే వారితో వ్యవహరించారు.

ఇలాంటి ఇళ్లలోని మనుషులకు ఇతరులు చేసిన సహాయం ఏ రూపాల్లో సాగిందో, ఆ రూపం ఎప్పుడు, ఎందుకు మారిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. చాలాకాలం సహాయమంటే బయటివారు వచ్చి సామాను తీసిపారేయడమే. గత మూడు దశాబ్దాల్లో ఆ అర్థం మారింది. వస్తువు మీద నిర్ణయం ఆ మనిషిదిగానే ఉంచి, ఆ నిర్ణయం తీసుకునే వేళ పక్కన నిలవడమే సహాయమన్న అవగాహన స్థిరపడింది. ఈ చరిత్ర ప్రధానంగా అమెరికా, బ్రిటన్ దేశాల్లో నడిచింది కనుక ఆధారాలు కూడా ఎక్కువగా అక్కడివే. అయితే ఇది వైద్యానికే పరిమితమైన మార్పు కాదు, పదజాలంలో జరిగిన మార్పు కూడా. అందువల్ల తెలుగులో ఈ స్థితిని ఏ మాటతో చెప్పాలన్న ప్రశ్నతో పరిశీలనను ప్రారంభించడం సముచితం.

మాటల లోటు: లోభం, నిల్వ, సంచయం

దాచేవాడి గురించి తెలుగు సాహిత్యంలో చర్చకు కొదవ లేదు. కూడబెట్టి, తాను తినక, ఒకరికి పెట్టక పోయే లోభిని వేమన అనేక పద్యాల్లో ఎత్తిపొడిచాడు. తేనెటీగ కూర్చిన తేనె బాటసారి పాలైనట్టు లోభి సొమ్ము పరుల పాలవుతుందన్న ఉపమానం తెలుగువారికి చిరపరిచితం. సంపదకు దానం, భోగం, నాశం అనే మూడే గతులున్నాయని భర్తృహరి చెప్పిన మాట ఏనుగు లక్ష్మణకవి అనువాదం ద్వారా తెలుగు బడుల్లోకి చేరింది. ఈ పద్యాలన్నింటి గురి ధనం మీద. అక్కడ లోభి దోషం ఇవ్వకపోవడం.

వస్తుసంచయ రుగ్మత ఈ చట్రంలో ఇమడదు. ఇక్కడ పేరుకునేది చాలావరకు ధనం కాదు. పత్రికలు, సీసాలు, అట్టపెట్టెలు, బట్టలు, రసీదులు, చెడిపోయిన యంత్రాల భాగాలు ఇల్లంతా పరుచుకుంటాయి. పైగా వీరిలో చాలామంది వస్తువులను దాచేది ఎప్పటికైనా ఎవరికైనా పనికొస్తాయన్న ఆలోచనతోనే. ఇవ్వడం ఇష్టంలేని లోభికీ, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో తేల్చుకోలేని మనిషికీ పోలిక పైపైనే. లోభి అన్న మాట అనగానే మందలింపు వస్తుంది. మందలిస్తే తగ్గేది గుణదోషం గాని రుగ్మత కాదు.

తెలుగులో అందుబాటులో ఉన్న రెండో మాట 'అక్రమ నిల్వ'. నిత్యావసర సరుకుల చట్టం 1955లో వచ్చింది. ధర పెరిగేదాకా సరుకును గోదాములో దాచి లాభం గడించే వ్యాపారి గురించి రాసేటప్పుడు పత్రికలు ఈ మాటే వాడతాయి. అది నేరానికి సంబంధించిన పదం. ఆంగ్ల పదాన్ని యథాతథంగా తెలుగు లిపిలో రాద్దామంటే చిక్కు ఇంకొకటి. 'హోర్డింగ్' అనగానే తెలుగు పాఠకుడికి రోడ్డు పక్కన నిలబెట్టిన ప్రకటన బోర్డు తోస్తుంది. మొదటి మాట నీతి వైపు, రెండోది పోలీసు స్టేషన్ వైపు, మూడోది కూడలి వైపు తీసుకుపోతాయి. రోగి ఇంటికి చేర్చే మాట ఒక్కటీ లేదు.

ఈ కారణంగా ఈ వ్యాసంలో 'వస్తుసంచయ రుగ్మత' అనే పదబంధం వాడబడింది. సంచయం అంటే పోగుపడటం. ఆ మాటలో నింద లేదు. 'రుగ్మత' అన్న పదం అది స్వభావ దోషం కాదని చెబుతుంది. సేకరణ అన్న మాటను ఉద్దేశపూర్వకంగా వదిలివేయడం జరిగింది. నాణేలో గ్రంథాలో సేకరించేవాడు ఏరుకుంటాడు, వరుసగా అమరుస్తాడు, నలుగురికి చూపుతాడు. సంచయంలో వస్తువు కుప్పలో కలిసిపోతుంది. దాచినవారికే మళ్లీ దొరకదు.

ఈ గందరగోళం తెలుగుకు మాత్రమే పరిమితం కాదు. 18వ శతాబ్దపు ఇంగ్లండులో డేనియల్ డాన్సర్, జాన్ ఎల్వెస్ పేర్లు పిసినారితనానికి ఉదాహరణలుగా పుస్తకాల కెక్కాయి. 1842లో వెలువడిన గోగోల్ నవల 'మృతజీవులు'లో ప్ల్యూష్కిన్ అనే భూస్వామి దారిలో కనిపించిన ప్రతి పనికిరాని వస్తువునూ ఇంటికి చేర్చి కుప్ప వేస్తాడు. రష్యన్ భాషలో అతని పేరే ఇలాంటివారికి సామాన్యనామమైంది. 1852–53లో ధారావాహికగా వచ్చిన డికెన్స్ 'బ్లీక్ హౌస్'లోని క్రూక్ దుకాణం నిండా పాత కాగితాలు, సీసాలు, ఎముకలు. కొనడమే తప్ప అక్కడ అమ్మకం సాగదు. ఈ పాత్రలను పాఠకుడు చూసి నవ్వుకుంటాడు, లేదా భయపడతాడు. వారికి సహాయం చేయవచ్చన్న ఊహ ఆ కథల్లో లేదు.

రెండుసార్లు ఖాళీ చేయబూనిన ఇల్లు: 1942, 1947

సహాయం లేని ఆ కాలానికి అత్యంత ప్రసిద్ధమైన ఉదాహరణ న్యూయార్క్ నగరంలోని కాలియర్ సోదరులది. హోమర్ కాలియర్ 1881లో, లాంగ్లీ కాలియర్ 1885లో జన్మించారు. తండ్రి వైద్యుడు. అన్న న్యాయశాస్త్రం చదివాడు. తమ్ముడికి సంగీతంలో, యంత్రాల్లో ప్రవేశం ఉంది. 1923లో తండ్రి, 1929లో తల్లి చనిపోయిన తరువాత హార్లెమ్ ప్రాంతంలో ఐదో అవెన్యూ మీద ఉన్న ఇంట్లో అన్నదమ్ములిద్దరే మిగిలారు. 1930ల తొలి సంవత్సరాల్లో హోమర్ చూపు కోల్పోయాడు. తరువాత కదలలేని స్థితికి వచ్చాడు. అతని బాధ్యతంతా లాంగ్లీ ఒక్కడే మోశాడు. చూపు వస్తుందన్న నమ్మకంతో అన్నకు వారానికి వంద నారింజ పళ్లు తినిపించేవాడు. చూపు వచ్చాక చదువుకుంటాడని దినపత్రికలన్నీ దాచిపెట్టేవాడు.

బయటివారికి ఆ కాగితాల గుట్టలు కనిపించాయి గాని వాటి వెనక ఉన్న ఆశ కనిపించలేదు. పత్రికలు వారిని హార్లెమ్ సన్యాసులని వర్ణించాయి. కుతూహలంతో జనం ఇంటి ముందు చేరేవారు, కిటికీల మీద రాళ్లు రువ్వేవారు. లాంగ్లీ కిటికీలకు చెక్కలు కొట్టాడు. ఎవరైనా లోపలికి చొరబడితే మీద కూలేటట్టు కట్టల మధ్య ఉచ్చులు అమర్చాడు. పరిహాసం పెరిగినకొద్దీ కోట గోడలు మందమయ్యాయి.

1942లో రుణం తీర్చలేదన్న కారణంగా ఒక పొదుపు బ్యాంకు ఆ ఇంటిని స్వాధీనం చేసుకోవడానికి ప్రయత్నించి, శుభ్రం చేయడానికి పనివాళ్లను పంపింది. లాంగ్లీ వారిమీద కేకలు వేయడంతో పోలీసులు వచ్చారు. తలుపు బద్దలు కొట్టబోతే లోపల నేల నుంచి పైకప్పు దాకా సామాను అడ్డుగోడలా నిలిచి ఉంది. చివరికి లాంగ్లీ ఒక్క మాటా చెప్పకుండా 6,700 డాలర్లకు చెక్కు రాసిచ్చి, అందరినీ బయటికి పొమ్మన్నాడు. అప్పు తీరింది, పనివాళ్లు వెనుదిరిగారు. ఆ రోజు ఆ ఇంటికి రుణదాత వచ్చాడు, పోలీసు వచ్చాడు, పనివాడు వచ్చాడు. ఈ అన్నదమ్ములకు ఏం కావాలని అడగడానికి వచ్చినవారు లేరు.

1947 మార్చి 21న ఆ ఇంట్లో శవం ఉందని పోలీసులకు ఫోను వచ్చింది. పై అంతస్తు కిటికీ గుండా లోపలికి ప్రవేశించినవారికి హోమర్ మృతదేహం దొరికింది. లాంగ్లీ కోసం నగరం బయట కూడా గాలించారు. ఏప్రిల్ 8న అతని శరీరం అదే ఇంట్లో, అన్న చనిపోయిన చోటికి దాదాపు పది అడుగుల దూరంలో కనిపించింది. అన్నకు ఆహారం తీసుకొని ఇరుకు సందులో పాకుతూ వస్తుండగా తాను అమర్చిన ఉచ్చే మీద కూలి అతను ముందు మరణించాడు. ఆహారం అందించేవారు లేక అన్న తరువాత మరణించాడు.

ఆ ఇంటి నుంచి 120 టన్నులకు పైగా సామాను బయటికి తీశారు. అందులో 14 పియానోలు, వేలాది పుస్తకాలు, లెక్కలేనన్ని పత్రికల కట్టలు ఉన్నాయి. అదే సంవత్సరం ఇంటిని కూల్చివేశారు. ఇప్పుడు అక్కడ అన్నదమ్ముల పేరుతో చిన్న ఉద్యానం ఉంది. సామానుతో క్రిక్కిరిసిన ఇళ్లను అమెరికా అగ్నిమాపక సిబ్బంది నేటికీ 'కాలియర్ భవనం' అనే పిలుస్తారు.

చనిపోయినవారికి ఇప్పుడు రోగనిర్ధారణ చేయడం చరిత్రకారుడి పని కాదు. అయితే 1942నూ 1947నూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. రెండుసార్లూ ఆ ఇంటికి బయటివారు వచ్చింది ఇల్లు ఖాళీ చేయించడానికే. మొదటిసారి యజమాని ప్రతిఘటించాడు కనుక పని జరగలేదు. రెండోసారి ప్రతిఘటించే మనిషి లేడు కనుక పని పూర్తయింది.

పేరు కోసం వెతుకులాట: 1908–1994

ఈ ప్రవర్తనను వివరించడానికి మానసికశాస్త్రం చేసిన తొలి ప్రయత్నాలు శీలచిత్రణకు దగ్గరగా ఉన్నాయి. 1908లో ఫ్రాయిడ్ క్రమబద్ధత, పొదుపు, మొండితనం అనే మూడు లక్షణాలను ఒక వ్యక్తిత్వ నమూనాగా ముడివేశాడు. కాలియర్ సోదరులు మరణించిన 1947లోనే వెలువడిన 'మాన్ ఫర్ హిమ్‌సెల్ఫ్' గ్రంథంలో ఎరిక్ ఫ్రామ్ కూడబెట్టే ధోరణిని ఒక ఫలవంతం కాని జీవన దృక్పథంగా వర్ణించాడు. ఆ ధోరణి ఉన్నవాడు తన చుట్టూ గోడ కట్టుకుంటాడని అతని భావన. ఇద్దరి వివరణలోనూ సంచయం మనిషి శీలంలో భాగం.

1975లో బ్రిటిష్ వైద్యులు క్లార్క్, మంకీకర్, గ్రే 'లాన్సెట్' పత్రికలో ఒక అధ్యయనం ప్రకటించారు. తీవ్రమైన స్వీయ నిర్లక్ష్యంతో ఆసుపత్రిలో చేరిన 30 మంది వృద్ధులను వారు పరిశీలించి, ఆ స్థితికి 'డయోజెనిస్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. ఇద్దరు తప్ప మిగిలినవారంతా ఒంటరిగా నివసించేవారు. పేదరికం ప్రధాన కారణంగా కనిపించలేదు. సగం మందిలో మానసిక వ్యాధి జాడలు లేవు. 46 శాతం మంది మరణించారు.

ఈ పేరు ఎంపికే విచిత్రం. గ్రీకు తత్త్వవేత్త డయోజెనిస్ ఆస్తి వద్దనుకున్నవాడు. ఒక బాలుడు దోసిలితో నీళ్లు తాగడం చూసి తన దగ్గరున్న గిన్నెను కూడా పారేశాడని అతని గురించి ప్రచారంలో ఉన్న కథ. ఏదీ పారేయలేని మనుషుల స్థితికి అన్నీ పారేసినవాడి పేరు తగిలించారు. ఆ అధ్యయనం అసలు దృష్టి స్వీయ నిర్లక్ష్యం మీద ఉండటం, వస్తువులు పేరుకోవడం కొందరిలోనే కనబడిన అంశం కావడం దీనికి కారణం. అందులోనే మరో ముఖ్యమైన వివరం ఉంది. ఆ 30 మందీ సాంఘిక సేవా విభాగాలకు ముందే తెలుసు. వారిలో మూడో వంతు మంది సహాయాన్ని పదేపదే నిరాకరించారు. ఆ నిరాకరణ రోగి లక్షణంగా నమోదైంది. ఇవ్వజూపిన సహాయం ఎలాంటిది అన్న ప్రశ్న తరువాతి తరం పరిశోధకులకు మిగిలిపోయింది.

1994లో వచ్చిన అమెరికన్ మనోవైద్య వర్గీకరణ గ్రంథం నాలుగో ముద్రణలోనూ దీనికి స్వతంత్ర స్థానం లేదు. పనికిరాని వస్తువులను పారేయలేకపోవడం ఒక వ్యక్తిత్వ రుగ్మత లక్షణాల్లో ఒకటిగా మాత్రమే కనిపిస్తుంది.

ఒక పత్రికా ప్రకటన, ఒక నిర్వచనం: 1993–1996

మలుపు ఒక తరగతి గదిలో మొదలైంది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్మిత్ కళాశాలలో మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు రాండీ ఫ్రాస్ట్ దగ్గర చదువుతున్న రేచెల్ గ్రాస్ అనే విద్యార్థిని, ఈ ప్రవర్తన మీద పరిశోధన ఎందుకు జరగలేదని ప్రశ్నించింది. అలాంటివారు దొరకడం కష్టమని ఆచార్యుడి అభిప్రాయం. అయినా స్థానిక పత్రికలో ప్రకటన ఇచ్చారు. వందకు పైగా ఫోన్లు వచ్చాయి. ఆ పరిశోధన ఫలితాలు 1993లో ప్రచురితమయ్యాయి. ఎవరూ అడగనంతకాలం కనబడనివారు అడగగానే బయటికి వచ్చారు.

1996లో ఫ్రాస్ట్, తమారా హార్ట్ల్ ఇచ్చిన నిర్వచనంలో మూడు అంశాలున్నాయి. ఇతరులకు నిరుపయోగంగా తోచే వస్తువులను పెద్దసంఖ్యలో సంపాదించడం, వాటిని వదలలేకపోవడం మొదటిది. గదులు ఏ పనికోసం ఉన్నాయో ఆ పనికి ఉపయోగపడనంతగా నిండిపోవడం రెండోది. దానివల్ల మనిషికి గణనీయమైన బాధ గాని, జీవితానికి ఆటంకం గాని కలగడం మూడోది. ఇందులో లోభం ప్రసక్తి లేదు, శుభ్రత ప్రసక్తి లేదు. వస్తువు, గది, మనిషి పడే బాధ మాత్రమే ఉన్నాయి.

కారణాల విషయంలో కూడా వారు కొత్త దృష్టి తెచ్చారు. వర్గీకరించడంలో, నిర్ణయించడంలో ఉన్న ఇబ్బంది, వస్తువులతో ఏర్పడే భావబంధం, వస్తువుల గురించిన నమ్మకాలు, బాధ కలిగించే పనిని వాయిదా వేయడం అన్నవి వారు గుర్తించిన అంశాలు. రసీదులను ఒక కట్టగా, పత్రికలను ఒక కట్టగా మనం తేలికగా విడదీస్తాం. ఈ ఇబ్బంది ఉన్నవారికి ప్రతి రసీదూ ప్రత్యేకమైనదే. దేనినీ మరొకదానితో కలపలేరు. అందుకే అన్నీ ఎదురుగా కనిపించేటట్టు మీదమీద పేరుస్తారు. బయటివారికి అది చెత్తకుప్ప. వారికి అది జ్ఞాపకాల దొంతర.

ఈ వివరణ సహాయం అర్థాన్ని మార్చింది. అసలు ఇబ్బంది నిర్ణయించడంలో ఉన్నప్పుడు, ఆ నిర్ణయాన్ని ఇతరులు లాక్కుంటే ఇబ్బంది అలాగే ఉంటుంది, నమ్మకం పోతుంది. బాస్టన్ విశ్వవిద్యాలయంలో సాంఘిక సేవాశాస్త్ర ఆచార్యురాలు గెయిల్ స్టెకెటీతో కలిసి ఫ్రాస్ట్ రూపొందించిన చికిత్సలో, అనుమతి లేనిదే చికిత్సకుడు ఏ వస్తువునూ ముట్టుకోరాదన్నది మౌలిక నియమం. మనిషే వస్తువును చేతిలోకి తీసుకోవాలి, దాని గురించి మాట్లాడాలి, ఉంచాలో పంపాలో తేల్చాలి. 2010లో ఫలితాలు వెలువడిన వారి పరీక్షలో ఈ సాధన 26 సమావేశాల పాటు సాగింది. 120 టన్నులు కొన్ని వారాల్లో తరలించిన 1947 నాటి పనితో పోలిస్తే ఇది ఎంత నెమ్మదైన పద్ధతో తెలుస్తుంది.

2008లో ఈ పరిశోధకులే ఒక చిత్రమానాన్ని ప్రవేశపెట్టారు. హాలు, వంటగది, పడకగది అనే మూడు గదులకు తొమ్మిదేసి ఛాయాచిత్రాలు ఉంటాయి. మొదటిదానిలో గది ఖాళీగా, తొమ్మిదోదానిలో పైకప్పు దాకా నిండి కనిపిస్తుంది. కాస్త సామాను ఉంది అని ఒకరు, నడవడానికి చోటు లేదు అని మరొకరు వాదించుకునే చోట ఇద్దరూ ఒకే బొమ్మ మీద వేలు పెట్టగలిగారు. నింద మోయని భాష కోసం జరిగిన వెతుకులాటలో ఇదీ ఒక మెట్టు.

పట్టణాల బాధ్యత: కమిటీలు, అగ్నిమాపక లెక్కలు

ఇల్లు వ్యక్తిగతమైనదే అయినా నిప్పు అంటుకుంటే పొరుగు గోడ దాటుతుంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ అగ్నిమాపక దళం పదేళ్ల రికార్డులను పరిశీలించి 2009లో తేల్చిన లెక్క ప్రకారం, ఇలాంటి ఇళ్లలో జరిగినవి నివాస అగ్నిప్రమాదాల్లో 0.25 శాతమే. నివారించదగిన అగ్నిప్రమాద మరణాల్లో మాత్రం వాటి వాటా 24 శాతం. కాబట్టి ఎవరి ఇల్లు వారి ఇష్టమని సమాజం ఊరుకోగల విషయం కాదిది.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ 1998లోనే ఈ సమస్య కోసం వివిధ శాఖల సంయుక్త కమిటీని ఏర్పాటు చేసింది. సాన్ ఫ్రాన్సిస్కో నగర కార్యదళం 2009లో ఇచ్చిన నివేదిక, ఈ సమస్య వల్ల గృహయజమానుల మీద, సేవా సంస్థల మీద ఏటా 60 లక్షల డాలర్లకు పైగా భారం పడుతున్నదని అంచనా వేసింది. ఇలాంటి కమిటీల్లో అగ్నిమాపక అధికారి, ఆరోగ్య అధికారి, వృద్ధుల సంక్షేమ కార్యకర్త, మానసిక వైద్య నిపుణుడు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. ఇంటినంతా ఒక్కరోజులో ఊడ్చివేయడానికి బదులు ముందు తలుపు దాకా దారి, పొయ్యి చుట్టూ ఖాళీ చోటు, విద్యుత్ తీగల భద్రత వంటి కనీస లక్ష్యాలను ఇంటివారితో కలిసి నిర్ణయించే పద్ధతికి హానినివారణ అని పేరు. ప్రాణాపాయం ఎదురుగా ఉన్నప్పుడు అధికారంతో జోక్యం చేసుకోక తప్పని సందర్భాలు నేటికీ ఉంటాయి. అయితే దాన్ని చికిత్సగా ఎవరూ పొరబడటం లేదు.

సహానుభవుల బృందాలు: 1981–2018

నిపుణుల పరిశోధన మొదలుకాకముందే బాధితులు ఒకరినొకరు వెతుక్కున్నారు. 1981లో సాండ్రా ఫెల్టన్ అమెరికాలో 'మెస్సీస్ అనానిమస్' అనే సంస్థను స్థాపించింది. ఇంటిని చక్కదిద్దుకోలేక తాను పడిన ఇబ్బందే దానికి మూలం. 1989లో కాలిఫోర్నియాలో 'క్లటరర్స్ అనానిమస్' మొదలైంది. మద్యపాన విముక్తి బృందాల పన్నెండు మెట్ల పద్ధతినే అది అనుసరించింది. పేరు చెప్పనక్కరలేదు, ఇల్లు చూపనక్కరలేదు. వచ్చి కూర్చుని తన మాట చెప్పవచ్చు.

ఈ సమస్య ఉన్నవారి జీవితంలో ఇది చిన్న విషయం కాదు. ఇంటి స్థితిని చూస్తారన్న సిగ్గుతో వారు బంధువులను పిలవడం మానేస్తారు, మరమ్మతు పనివాళ్లను కూడా రానివ్వరు. ఎవరూ రాని ఇంట్లో సామాను ఇంకా పెరుగుతుంది. పెరిగిన సామాను మనుషులను ఇంకా దూరం చేస్తుంది. బృందంలో ఆ సిగ్గుకు చోటు లేదు. ఎదుటివారి ఇల్లూ అలాగే ఉంటుంది.

2007లో డేవిడ్ టోలిన్, ఫ్రాస్ట్, స్టెకెటీ రాసిన స్వయంసహాయ గ్రంథం 'బరీడ్ ఇన్ ట్రెజర్స్' వెలువడింది. పుస్తకం ఒంటరిగా చదివినవారికి దాన్ని ఆచరణలో పెట్టడం కష్టమైంది. దాన్ని నలుగురు కలిసి చదివే పద్ధతి దీని నుంచే పుట్టింది. వారానికి ఒకసారి కలవడం, ఒక అధ్యాయం చర్చించడం, ఇంటి దగ్గర కొంత సర్దుకొని వచ్చి మరుసటి వారం చెప్పడం, దుకాణానికి వెళ్లి ఏమీ కొనకుండా తిరిగిరావడం ఇందులోని సాధనలు. 2011లో ప్రచురితమైన అధ్యయనం 13 సమావేశాల తరువాత సభ్యుల లక్షణాలు గణనీయంగా తగ్గాయని చూపింది. 2012 నాటి మరో అధ్యయనపు రచయితల్లో ఈ సమస్యను స్వయంగా అనుభవించిన వ్యక్తి ఒకరు. పరిశోధనకు విషయమైనవాడు పరిశోధకుడి పక్కన పేరు రాసుకునే స్థితి వచ్చింది.

ఈ పద్ధతికి గట్టి పరీక్ష 2018లో వెలువడింది. సాన్ ఫ్రాన్సిస్కోలో కారల్ మాథ్యూస్ నేతృత్వంలో 323 మందిని యాదృచ్ఛికంగా రెండు రకాల బృందాలకు కేటాయించారు. కొన్ని బృందాలను మనస్తత్వశాస్త్రవేత్తలు, కొన్నింటిని ఈ సమస్యతో పరిచయమున్న సహానుభవులు నడిపారు. రెండు రకాల బృందాల్లోనూ మెరుగుదల కనిపించింది. సహానుభవుల బృందాలు నిపుణుల బృందాలకు తీసిపోలేదని తేలింది.

ఈ ఫలితాలను అతిగా అంచనా వేయరాదు. అప్పటిదాకా జరిగిన చికిత్సా పరిశోధనలను టోలిన్ బృందం 2015లో క్రోడీకరించినప్పుడు, వైద్యపరంగా చెప్పుకోదగిన మార్పు సాధించినవారు 24 నుంచి 43 శాతం మధ్యనే ఉన్నారు. చాలామందికి చికిత్స తరువాత కూడా ఇబ్బంది మిగిలే ఉంటుంది. కొన్ని వారాల సమావేశాలతో ముగిసే పని కాదు కనుకనే, ఖర్చు లేకుండా ఏళ్ల తరబడి కొనసాగగల సహానుభవుల తోడుకు విలువ ఎక్కువ.

నిర్వచనంలో చేరిన ఒక వాక్యం

2013లో అమెరికన్ వర్గీకరణ గ్రంథం ఐదో ముద్రణ ఈ స్థితిని స్వతంత్ర రుగ్మతగా ప్రకటించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పదకొండో అంతర్జాతీయ వర్గీకరణ 2022లో అమలులోకి వచ్చినప్పుడు అందులోనూ దీనికి చోటు దక్కింది. వివిధ దేశాల్లో జరిగిన సర్వేలను క్రోడీకరించిన 2019 నాటి విశ్లేషణ, జనాభాలో దాదాపు 2.5 శాతం మందికి ఈ సమస్య ఉందని లెక్కగట్టింది.

2013 నాటి ప్రమాణాల్లో ఒక షరతు ప్రత్యేకంగా గమనించదగినది. ఇల్లు ఖాళీగా కనిపించినా, అది కుటుంబ సభ్యులో, పనివాళ్లో, అధికారులో శుభ్రం చేసినందువల్లనే అయితే రుగ్మత ఉన్నట్టే లెక్క. ఇల్లు శుభ్రపడటం, మనిషి కోలుకోవడం ఒకటి కావని వైద్యశాస్త్రం తన నిర్వచనంలోనే రాసుకుంది. 1942లో బ్యాంకు పంపిన పనివాళ్లు పని పూర్తిచేసి ఉన్నా లాంగ్లీ కాలియర్ సమస్య తీరేది కాదని ఈ షరతు పరోక్షంగా చెబుతుంది.

ఈ సూత్రం భారతీయ సందర్భానికి కొత్తది కాదు. భారతదేశపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 నాలుగో సెక్షన్ చికిత్స విషయంలో నిర్ణయసామర్థ్యం గురించి చెబుతూ, ఒక వ్యక్తి నిర్ణయం ఇతరులకు తప్పుగా తోచినంత మాత్రాన అతనికి నిర్ణయించే శక్తి లేదని భావించరాదని స్పష్టం చేస్తుంది. అంతకంటె ప్రాచీనమైన ఆధారం యోగసూత్రాల్లో ఉంది. అక్కడ యమాల్లో చివరిది అపరిగ్రహం. జైనధర్మంలోనూ అది మహావ్రతం. వ్రతం స్వీకరించేవాడు స్వయంగా పూనవలసినది. ఒకరి తరఫున మరొకరు దానిని పాటించలేరు. తండ్రి ఊరికి వెళ్లిన సమయం చూసి పిల్లలు గదిని ఖాళీ చేయడం, అత్తగారు నిద్రలేవకముందే పాత సంచులన్నీ భోగిమంటలో వేయడం తెలుగు ఇళ్లలో వినని సంగతులు కావు. చేసేవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. అయితే భోగి ఆచారం అర్థం తన పాతను తాను మంటకు అందించడం. ఒకరి పాతను వారికి తెలియకుండా మరొకరు కాల్చివేస్తే ఆ అర్థం నిలవదు.

ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు మూడు. మొదటిది, వస్తుసంచయం గురించిన వాడుక మాటలు చాలాకాలం లోభాన్నీ నేరాన్నీ సూచించాయి. ఆ మాటల వెనకనే పరిహాసం, బలవంతపు శుభ్రత నడిచాయి. రెండోది, సమస్య మూలం నిర్ణయించడంలోని ఇబ్బందిగా 1990లలో గుర్తింపు పొందాకనే సహాయమంటే తీసివేయడమన్న భావన సడలింది. మూడోది, నిపుణుల తోడుతో పాటు సహానుభవుల తోడూ సమాన ఫలితమివ్వగలదని 2018 నాటికి రుజువైంది.

తెలుగులో ఈ విషయం మీద చికిత్సా సాహిత్యం రావలసే ఉంది. అది వచ్చేటప్పుడు పదం ఎంపిక చిన్న సంగతి కాబోదు. 'పిసినారి', 'చెత్త' అన్న మాటలతో మొదలైన సంభాషణ తలుపు మూయిస్తుందని కాలియర్ ఇంటి చరిత్ర చెబుతున్నది. ఆ ఇంటిలోని పత్రికల కట్టలను 1947లో పాత కాగితంగానే తూచారు. చూపులేని అన్న కోసం తమ్ముడు దాచిన కాగితాలవి. ఎందుకు దాచావని అడిగి, జవాబు చెప్పేదాకా పక్కన కూర్చునే మనిషి ఆ ఇంటికి రాలేదు. ఆ తరువాతి చరిత్రంతా ఆ ఒక్క మనిషిని తయారుచేసుకోవడానికి జరిగిన ప్రయత్నమే.